ఎండిన మడి, బడి సెలవులు: పెరటికి 14 చిట్కాలు

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే మా కెంచార్లహళ్ళి పక్క రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. బడికి తాళం పడుతుంది, పెరట్లో ఎర్రమట్టి గునపానికి లొంగనంత గట్టిపడుతుంది. పొద్దున కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి నిలబడితే వినబడే మాటలు కూడా ఈ రెండే. "ఏమక్కా, దినామూ నీళ్లు పోస్తానే ఉండా, అయినా బెండ మొక్కలు వాడిపోతా ఉండాయి" అని ఒకరు. "మొక్కల సంగతి సరేలే, ఈ పిల్లోళ్లతో నేను యేగలేకపోతా ఉండా" అని ఇంకొకరు. ఈ రెండు బాధలకూ ఒకటే మందు: పిల్లల్ని పెరట్లోకి తోలండి.

మాది కర్ణాటకలో చింతామణి తాలూకా. జిల్లా 2007లో కోలారు నుంచి వేరుపడి చిక్కబళ్లాపురం అయింది గాని, నేల మారలేదు, వాన మారలేదు. ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడతాయన్న భరోసా లేదు. ఇట్లాంటి చోట "ఇంకో బిందె పొయ్యండి" అనే సలహా ఎవరికీ పనికిరాదు. పోసిన బిందెడు నీళ్లను మట్టిలో నాలుగు రోజులు నిలబెట్టుకునే ఉపాయం కావాలి. కింది చిట్కాలన్నీ దాని గురించే.

1. ముందు మట్టిని సీసాలో చూడండి

ఇది సెలవుల్లో మొదటి రోజు పని, పూర్తిగా పిల్లలది. పెరట్లో జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి తీసి, గాజు సీసాలో మూడో వంతు దాకా వేయండి. మిగతాది నీళ్లతో నింపి, మూత బిగించి బాగా కుదిపి, కదలకుండా గూట్లో పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో అడుగున పేరుకునేది ఇసుక. రెండు మూడు గంటల్లో దాని మీద పరుచుకునేది ఒండ్రు. మర్నాటికి గాని దిగనిది బంక. ఇసుక సగానికి మించితే నీళ్లు నిలవవు, ఆ మట్టికి ఎరువు కావాలి. బంక ఎక్కువుంటే నీళ్లు ఇంకవు, పైన పెచ్చు కడుతుంది. మందు ఏదైనా, ముందు జబ్బు తెలియాలి కదా.

2. బాగా ఎండిన మట్టి మీద నీళ్లు కుమ్మరించొద్దు

ఎండి గట్టిపడిన మట్టి నీళ్లను వెంటనే తాగదు. బిందె వంచితే పల్లం చూసుకుని పారిపోతాయి, మొక్క మొదట్లో అంగుళం కూడా తడవదు. ముందు చేత్తో చిలకరించి మట్టి పైపొరను తడపండి. పావుగంట ఆగి, అప్పుడు పొయ్యండి. కుండీలైతే ఇంకో తిప్పలు ఉంది. మట్టి ఎండి కుండీ అంచు వదిలేస్తుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి నేరుగా కిందికి దిగిపోతాయి. అట్లాంటి కుండీని బకెట్ నీళ్లలో అరగంట కూర్చోబెట్టండి. బుడగలు రావడం ఆగిందంటే మట్టి తడిసినట్టే.

3. మడి ఎత్తుగా కాదు, లోతుగా

పుస్తకాల్లో, వీడియోల్లో మడి ఎత్తుగా కట్టమంటారు. అది వానలు దండిగా పడి నీళ్లు నిలిచే ఊళ్లకు. మనకు తిరగేసి చెయ్యాలి. నేల మట్టం కంటే నాలుగైదు అంగుళాలు లోతుగా తీసి, ఆ మట్టితోనే చుట్టూ గట్టు వెయ్యండి. గట్టు గాలిని ఆపుతుంది, మడి నీళ్లను పట్టుకుంటుంది. అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారి నేలలో జూనీ తెగవాళ్లు తరతరాలుగా ఇట్లాగే చిన్న చిన్న గళ్ల మడులు కట్టి కూరగాయలు పండించారు. మన ఆడవాళ్లు కొత్తిమీరకు కట్టే పాతిమడి కూడా అదే లెక్క. పిల్లలకు 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు చాలు. ఏ వైపు నుంచి చెయ్యి చాచినా నడిమికి అందుతుంది, లోపల కాలు పెట్టి తొక్కే పని ఉండదు.

4. నేలకు దుప్పటి కప్పండి

అన్నింట్లోకీ పెద్ద చిట్కా ఇదే. మిగతావి మరిచినా దీన్ని మరవద్దు. ఎండ నేరుగా తగిలే మట్టి పొయ్యి మీద పెనం లాంటిది, పోసిన నీళ్లు సాయంత్రానికి ఆవిరే. రాగి గడ్డి, చెనిక్కాయ పొట్టు, ఎండాకు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది రెండు మూడు అంగుళాల మందాన పరచండి. నీళ్లు పోసిన తర్వాతే పరచాలి. ఎండిన మట్టి మీద పరిస్తే మొదటి తడి గడ్డే తాగేస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, మన ఎర్రనేలల్లో చెదలు ఎక్కువ. గడ్డిని మొక్క కాండానికి ఆనించొద్దు, నాలుగు వేళ్ల ఎడం వదలండి. ఒక ఏడు నేను వంగ మొక్కల మెడ దాకా గడ్డి దోపాను. చల్లగా ఉంటాయనుకుంటే వారం తిరక్కుండా రెండు మొక్కలు మొదట్లో చెద పట్టి ఒరిగిపోయాయి. రెండు, నీలగిరి తోపుల్లో ఆకు ఊరికే దొరుకుతుంది కదా అని తేవద్దు. దాంట్లోని సారం లేత మొలకల్ని ఎదగనివ్వదు.

5. దుప్పటి దొరక్కపోతే పైమట్టి గీకండి

మెట్ట సేద్యం తెలిసిన మన తాతలు పంట వరసల మధ్య గుంటక తోలింది కలుపు కోసమే కాదు. వాన వెలిసి పదును ఆరే వేళకు పైపెచ్చు పగలగొడితే, లోపలి తడి పైకెక్కి ఆవిరయ్యే దారి తెగిపోతుంది. పెరట్లో ఆ పని చిన్న తొలికతో చెయ్యొచ్చు. నీళ్లు పోసిన మర్నాడు, మట్టి చేతికి అంటుకోకుండా పొడిపొడిగా ఉన్నప్పుడు, పైన ఒక అంగుళం మాత్రమే గీకండి. లోతుకు పోతే వేళ్లు తెగుతాయి. పిల్లల చేతికి పాత గరిటె ఇస్తే సరిగ్గా అంగుళమే గీకుతారు!

6. చెరువు మన్ను, పెంట, పట్టుపురుగుల మేత మిగులు

ఏప్రిల్, మే నెలల్లో ఎండిన చెరువుల నుంచి ట్రాక్టర్లు మన్ను తోలుతుంటాయి. ఒకటి రెండు గంపలు అడిగి వేయించుకోండి. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టికి అది మంచి జోడు. నాలుగు గంపల పెరటి మట్టికి ఒక గంప చెరువు మన్ను, ఒక గంప బాగా మాగిన పెంట కలపండి. చెరువు మన్ను ఒక్కదాన్నే వేస్తే ఎండకు రాయి అవుతుంది.

మన పక్క మల్బరీ తోటలకు, పట్టుపురుగుల ఇళ్లకు కొదవ లేదు. పురుగులు తినగా మిగిలిన ఆకు, పుల్లలు, వాటి రెట్ట గొప్ప ఎరువే గాని, పచ్చిగా వెయ్యకూడదు. పురుగులకు జబ్బు రాకుండా సున్నం, బ్లీచింగ్ పొడి చల్లి ఉంటారు. గుంటలో వేసి, పైన మట్టి కప్పి, తడి ఆరకుండా చూస్తూ మూడు నెలలు మాగనివ్వండి. ఇప్పుడు గుంట నింపితే వానాకాలం విత్తనానికి అందుతుంది.

7. కుండ పాతండి

సున్నితమైన మొక్కలకు ఇంతకు మించిన ఉపాయం నాకు తెలీదు. మెరుగు పూయని మట్టికుండ, అయిదు లీటర్లు పట్టేది, మెడ మాత్రం పైకి కనబడేట్టు మడి నడుమ పాతండి. నీళ్లు నింపి పైన మూకుడు బోర్లించండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. చుట్టూ అడుగు దూరం లోపల వంగ, టమోటా, కాకర నాటండి. కుండ గోడల్లోంచి నీళ్లు కొద్దికొద్దిగా ఊరుతుంటాయి, వేళ్లు వాటిని వెతుక్కుంటూ వస్తాయి. మూడు నాలుగు రోజులకొకసారి నింపితే చాలు. ఈ పద్ధతి గురించి చైనాలో సుమారు రెండు వేల ఏళ్ల కిందటి ఫాన్ షెంగ్‌జీ వ్యవసాయ గ్రంథంలోనే ఉంది.

కుండ ఎంచుకోవడంలో చాలామంది పొరపాటు పడతారు. "తాగే నీళ్ల కుండ చల్లబరచడం మానేసింది, దీన్ని పాతేద్దాం" అంటారు. కుండ చల్లబరచడం మానేసిందంటే దాని రంధ్రాలు ఉప్పుతో పూడిపోయినట్టు. ఇక అది మొక్కకు ఏం ఊరుతుంది? నీళ్లు పోసి, బయట గుడ్డతో తుడిచి, గంట ఆగి చూడండి. కుండకు చెమట పట్టిందా, పాతండి. లేదంటే అందులో ఒక మొక్క పెట్టుకోండి.

8. ఎన్ని నీళ్లు? చెంబు లెక్క కట్టించండి

మన ఎండాకాలంలో ఆకు నిండిన మడి నుంచి రోజుకు సుమారు 5 నుంచి 6 మిల్లీమీటర్ల నీళ్లు గాలిలో కలిసిపోతాయి. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. 4 అడుగుల చదరపు మడి ఒకటిన్నర చదరపు మీటర్లు. అంటే రోజుకు తొమ్మిది లీటర్ల దాకా. గడ్డి కప్పితే అందులోనూ మిగులుతుంది.

ఈ లెక్కను ఆరో తరగతి పిల్లలతో కట్టించండి. ఇంట్లో చెంబు ఎన్ని లీటర్లు పడుతుందో కొలిచి, గోడమీద బొగ్గుతో రాయమనండి. విత్తనం మొలిచేదాకా దినామూ కొంచెం కొంచెం చిలకరించాలి. మొక్క జానెడు ఎదిగాక రోజు విడిచి రోజు, రెండు రోజుల నీళ్లు ఒకేసారి నిదానంగా పోస్తే వేరు లోతుకు దిగుతుంది. పొయ్యాలా వద్దా అని అనుమానం వస్తే చూపుడు వేలు రెండు కణుపుల దాకా గుచ్చండి. వేలికి తడి తగిలితే ఆ రోజుకు చెంబు దించేయండి. మధ్యాహ్నం ఆకు వాలడం చూసి కంగారు పడొద్దు. సాయంత్రానికి లేస్తే అది దాహం కాదు, ఎండకు ఓర్చుకోవడం. పొద్దున్నే వాలి ఉంటే మాత్రం నీళ్లు కావాలి.

9. వంటింటి నీళ్లలో మంచివి, చెడ్డవి

బియ్యం, పప్పులు, కూరగాయలు కడిగిన నీళ్లు సందేహం లేకుండా మడికి పొయ్యండి. ఉప్పు వెయ్యకుండా ఉడికించి వార్చినవైతే చల్లారాక పొయ్యండి. సబ్బు నీళ్లు ఆకుకూరలకు వద్దు, అరటికి, కొబ్బరికి మళ్లించండి. ఇంట్లో నీళ్లు శుద్ధి చేసే మిషన్ ఉంటే, అది బయటికి వదిలే నీళ్లు నేల తుడవడానికి, బండ్లు కడగడానికి వాడండి. మన లోతు బోర్ల నీళ్లలో ఉప్పులు అసలే ఎక్కువ, ఆ వదిలే నీళ్లలో అవి మరింత చిక్కబడి ఉంటాయి. మట్టి మీద తెల్లగా పూత కనబడుతోందంటే ఉప్పు పేరుకుందని గుర్తు. ఆ పొర గీకి పారేసి, వాన నీళ్లు దొరికినప్పుడు మడి నిండా ఒకసారి పారించండి.

బెంగళూరు మురుగును శుద్ధి చేసి కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల చెరువులకు కొన్నేళ్లుగా పంపుతున్నారు. అది భూమిలో ఇంకి బోర్లు కోలుకోవడానికి. అట్లాంటి చెరువు దగ్గరుంటే ఆ నీళ్లు నేరుగా బిందెతో తెచ్చి, పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి మీద పొయ్యకండి.

10. సెలవుల్లోనే కోతకొచ్చేవి విత్తండి

పిల్లలకు ఓపిక తక్కువ. నాలుగు నెలల పంట చేతికిస్తే నాలుగు రోజుల్లో మరిచిపోతారు. కర్ణాటక బడులకు వేసవి సెలవులు నెలన్నర. ఆ లోపల ఏమొస్తాయో చూడండి:

తోటకూర 25 నుంచి 30 రోజులు. ఎండకు వెరవదు, మొదటిసారి విత్తేవాళ్లకు ఇదే.
మెంతికూర 20 నుంచి 25 రోజులు, మధ్యాహ్నం నీడ ఉండాలి.
ముల్లంగి 40 నుంచి 45 రోజులు. నీళ్లు తప్పితే ఘాటెక్కుతుంది.
బెండ 45 నుంచి 50 రోజులకు మొదటి కాయ. గింజలు రాత్రంతా నానబెట్టి విత్తండి.
గోరుచిక్కుడు, అలసంద బడి తెరిచాక కాస్తాయి గాని, తక్కువ నీళ్లతో బతుకుతాయి.

కొత్తిమీర విత్తేటప్పుడు ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చెయ్యండి. ఒక్కో బద్దా ఒక మొక్క. ఇక అనపకాయ మీద మనకున్న మోజు తెలిసిందే. పాత నాటు అనపను ఇప్పుడు వేస్తే తీగ పారుతుందే గాని పూత రాదు, దానికి పగలు తగ్గే కాలం రావాలి. వానాకాలంలో వేస్తేనే చలికాలానికి పితికిపప్పు. కాలంతో పనిలేకుండా కాసేది కావాలంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల హెబ్బాళ అవరె రకాలున్నాయి. చింతామణి దగ్గర కురుబూరు ఫారంలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి.

11. పడమటి ఎండకు అడ్డం కట్టండి

పొద్దుటి ఎండ మొక్కకు తిండి, మధ్యాహ్నం మూడింటి ఎండ దెబ్బ. మడికి పడమర పక్క నాలుగు కర్రలు పాతి పాత నూలుచీర కట్టండి. పైన పూర్తిగా కప్పేయొద్దు, వెలుతురు తగలాలి. వచ్చే ఏటికి ఆ పక్క వరసగా ఆముదమో జొన్నో వేస్తే చీర పని అదే చేస్తుంది.

12. ఒక్కొక్కరికి ఒక్కో మడి, కొన్ని కట్టుబాట్లు

అందరికీ కలిపి ఒకటే మడి ఇస్తే అది ఎవరిదీ కాదు. "నువ్వు పొయ్యలే, నువ్వు పొయ్యలే" అని కొట్లాటే మిగులుతుంది. చిన్నదైనా సరే, ఎవరిది వాళ్లకివ్వండి. అయిదారేళ్ల వాళ్లకు విత్తడం, చిలకరించడం. పదేళ్ల వాళ్లకు నీళ్ల లెక్క, గడ్డి పరచడం. పెద్దపిల్లలకు ఎరువు కలపడం. పని ఉదయం తొమ్మిది లోపల, మళ్లీ సాయంత్రం అయిదు తర్వాత. నడుమ ఎండలో అడుగు పెట్టనివ్వద్దు.

గడ్డి దుప్పటి కింద తేళ్లు, పాములు చల్లదనానికి చేరతాయి. చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపడం అలవాటు చేయండి. సంపు మూత వేసి ఉందో లేదో రెండుసార్లు చూడండి. పక్క చేనులో నీళ్లు పడక వదిలేసిన బోరు గుంత తెరిచి ఉంటే, మీది కాకపోయినా చెప్పి మూయించండి. పురుగుమందు డబ్బా పిల్లల చేతికి అందనివ్వొద్దు. పేనుబంకకు సబ్బు నీళ్లు, వేపనూనె చాలు.

13. పేరు పలకలు రెండు భాషల్లో

మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు గలగలా మాట్లాడే పిల్లోడు తెలుగు అక్షరం చూసి తెల్లమొహం వేస్తాడు. పాత డబ్బా మూతలు తెచ్చి, ఒక పక్క కన్నడంలో, ఇంకో పక్క తెలుగులో పేర్లు రాయించండి. దంటు సొప్పు, తోటకూర. బదనెకాయి, వంకాయ. నుగ్గేకాయి, మునక్కాయ. కరిబేవు, కరివేపాకు. హురుళి, ఉలవ. రోజుకొక మూత రాసినా సెలవులయ్యేసరికి అక్షరాలు చేతికొస్తాయి. ఇదే తాలూకాలో కూర్చుని కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ పాటలు కట్టారు. మన పిల్లలకు రెండు భాషల్లో పది కూరగాయల పేర్లు బరువవుతాయా?

14. ఊరికి పోయేటప్పుడు, వాన పడినప్పుడు

సెలవుల్లో అవ్వగారి ఊరికి పోక తప్పదు. మదనపల్లె పక్క చుట్టాలుంటే ఇంకో తగాదా కూడా. ఆంధ్రాలో బడులు జూన్ 12కు గాని తెరవరు, మనకు మే నెలాఖరుకే గంట. "వాళ్లకు ఇంకా సెలవులుండాయి, నేను రాను" అని పిల్లలు మొండికేస్తారు. "నీ తోటకూర కోతకొచ్చింది, పోదాం పా" అని చూడండి, మూట సర్దుకుంటారు. పోయే ముందు రోజు మడి నిండా తడిపి, గడ్డి మరో అంగుళం పెంచండి. కుండీలన్నీ గోడ నీడకు దగ్గర దగ్గరగా చేర్చండి. బకెట్ నీళ్లలోంచి ఒక్కో కుండీ మట్టిలోకి నూలుగుడ్డ పేలిక దింపండి, అది నీళ్లు లాగి ఇస్తుంది. పక్కింటి అక్కకు చెప్పి పోతే మరీ మంచిది, మొదటి కోత ఆమెకే అన్న మాట మీద.

మామిడి జల్లు ఎప్పుడు పడుతుందో చెప్పలేం. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 550 లీటర్లకు పైన. కొంత పోయినా 450 లీటర్లు, అంటే పెద్ద బిందెలు ముప్పై. ఉప్పులేని మెత్తటి నీళ్లు. మిద్దె గొట్టం కింద డ్రమ్ము పెట్టి, మూతికి గుడ్డ కట్టండి. ఆ తడిలోనే మునగ కొమ్మ ఒకటి గుచ్చండి.

ఇక కోసిన తోటకూరను ఏం చేస్తారు? మా ఇంట్లో బస్సారు చేస్తాం. ఆకును అలసందలతో ఉడికించి, ఆ నీళ్లు వార్చి, కొబ్బరి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయలు నూరి కలిపితే చారు. వార్చిన ఆకుకు తాలింపు పెడితే పొరుటు. పక్కన రాగి ముద్ద. మా చిన్నోడు మొదటిసారి తన మడి ఆకు తెచ్చిచ్చినప్పుడు, నేను గిన్నె వార్చేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. "అమ్మా, ఆ నీళ్లు పారబొయ్యొద్దు, అవి నేను మోసినవి" అన్నాడు.